రెండో కట్టు

జగ్గయ్యపేట,
19 జనవరి 2025.

సౌభాగ్యమ్మక్కకి తమ్ముడు సొలొమోను వందనాలు.

ఎప్పుడూ రాసే కుశలప్రశ్నలు ఈసారి రాయడం లేదు. ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో. ఫోన్లో మెసేజ్ పెడదామంటే నా ఫోను మా బెన్ని చేతిలోనే ఎక్కువ ఉంటుంది. నా కొడుక్కి తెలియకూడని విషయం ఇది.

నిన్న శనివారం తెల్లవారుతుండగా విల్లు తీసుకుని పాత క్వారీ వైపు వెళ్ళాను. సున్నపురాయి తవ్వి వదిలేసిన గోతుల చుట్టూ సర్కారు తుమ్మ ఎలా పెరిగిందో నువ్వు చూశావుగా. దాని వెనకే మిరప చేలు. కుందేలు రాత్రంతా చేలో మేసి వెలుగు రాకముందే పొదల్లోకి దూరుతుంది. ఆ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మంచు బాగా దిగి ఉంది.

ముప్ఫై అడుగుల దూరంలో పొద కదిలింది. నాన్న నేర్పినట్టే చూపు పొద మీదనుంచి తీయలేదు. వెనక సంచిలోకి చెయ్యి పెట్టి ఈకల కింద బొటనవేలితో తడిమాను. దారం కట్టు ఒకటి తగిలితే కుందేలుకి వేసే మొద్దు బాణం, రెండు తగిలితే పందికి వేసే ఇనప ములికి. ఆ కట్లు కట్టేదే నువ్వు, నీకు చెప్పాలా. అయినా రాస్తున్నాను, రాస్తే ఎక్కడ తప్పు జరిగిందో తెలుస్తుందేమోనని. నేను తీసింది మొద్దు బాణమే అనుకున్నాను. వదిలాను. పొద ఒక్కసారి విరగబడినట్టు ఊగింది. తర్వాత ఆగిపోయింది.

అక్కా, అది అరిచిందో లేదో నాకు తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళు క్వారీలో పేలుళ్ళ పక్కన పనిచేసి చెవులు అక్కడే వదిలి వచ్చినవాణ్ణి. నాన్నయితే కుందేలు కీచుమందో, పంది గుర్రుమందో వినేవాడు. మనిషి అరిచినా వినేవాడు.

దగ్గరికెళ్తే కుందేలు లేదు, బాణమూ లేదు. మోకాలి ఎత్తులో ఆకుల మీద రక్తం ఉంది. అరగంట వెతికాను. మొద్దు బాణం దిగబడదు కదా, తగిలి అక్కడే పడుతుంది. పడిన చోట లేదంటే ఏంటి అర్థం? చేలోకి కూలీలు వచ్చే వేళయిందని ఇంటికొచ్చేశాను. సంచి మంచం మీద బోర్లించి చూశాను. మొద్దు బాణాలు అయిదూ ఉన్నాయి. ఇనప బాణాలు రెండిట్లో ఒకటే ఉంది.

కుందేళ్ళని కొట్టడం నేరమని నువ్వు పదేళ్ళుగా చెబుతున్నావు. చెబుతూనే ఏటా ఈకలు కట్టి ఇస్తున్నావు. ఇప్పుడు నన్ను తిట్టు. ఏదో ఒకటి రాయి. కుందేలుకి అంత రక్తం ఉండదు.

నీ తమ్ముడు,
సొలొమోను

*

నందిగామ,
23 జనవరి 2025.

సొలొమోనూ,

తిట్టమన్నావు కనక ముందు ఆ పని కానిస్తాను. అరవై రెండేళ్ళ మనిషివి, చెవులు వినపడవు, మంచులో బయల్దేరావు. నాన్న నీకు చూపు తీయకుండా బాణం తీయడం నేర్పాడు. ఎదుట ఏముందో తెలియకుండా వదలకూడదని కూడా నేర్పాడు. ఆ రెండో పాఠం నాడు నువ్వు బడికి రాలేదేమో.

ఇప్పుడు నెమ్మదిగా విను. అది పందే. తుమ్మల్లో పందులు ఎన్ని ఉన్నాయో నువ్వే చెబుతుంటావు. పందికి ములికి దిగితే బాణంతో సహా పరిగెడుతుంది. మోకాలి ఎత్తు రక్తం పందిదే అవుతుంది. మనిషికైతే ఈపాటికి ఊరంతా గగ్గోలెత్తేది. నీకు వినపడకపోయినా జాయిస్‌కి వినపడేది. నీ కోడలికి వినపడిందంటే అందరికీ చేరినట్టే.

ఆ వైపు మళ్ళీ వెళ్ళకు. విల్లుకి అల్లెతాడు విప్పేసి అటక మీద పెట్టు. బెన్ని కాంట్రాక్టు ఉద్యోగం సంగతి ఆలోచించు. తండ్రి మీద కేసుందంటే ఫ్యాక్టరీలో రేపు గేటు దగ్గరే ఆపేస్తారు. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు. నీది నేను పెట్టేశాను.

ఒక్కమాట. క్రిస్మస్ ముందు నేను కట్టిచ్చిన తర్వాత బాణాల దారాలు ఏవైనా ఊడాయా? ఊరికే అడిగాను. నీ బొటనవేలు నలభై ఏళ్ళలో ఒక్కసారీ పొరబడలేదు.

అక్క

*

జగ్గయ్యపేట,
28 జనవరి 2025.

అక్కా,

వెళ్ళొద్దన్నావు. వెళ్ళాను.

పగలే వెళ్ళాను, కట్టెలు ఏరుకునేవాడిలా కొడవలి పట్టుకుని. పొదకి పాతిక గజాల అవతల, మిరప చేను గట్టు వార, బాణం దొరికింది. కర్ర మాత్రమే దొరికింది. ములికి లేదు. లక్క పెట్టి అతికించిన చోట ఖాళీగా ఉంది, దాని చుట్టూ రక్తం ఎండి నల్లబడింది. పక్కనే చీర అంచు పీలిక ఒకటి ఉంది. పసుపు మీద ఎర్రపూలు. పంది చీర కట్టుకోదు అక్కా.

గట్టు మీద కూర్చుండిపోయాను. ఎవరో కర్ర లాగేశారు. ఇనుము లోపలే ఉండిపోయింది. పందికి వేసినప్పుడు అలా ఉండిపోవాలనే నాన్న లక్కతో అతికించేవాడు.

నీ ప్రశ్నకి జవాబు. దారాలేవీ ఊడలేదు. ఈ కర్ర మీద కూడా కట్లు రెండూ ఉన్నాయి. కాబట్టి తప్పు పూర్తిగా నా బొటనవేలిదే. చలికి మొద్దుబారి ఉంటుంది. డ్రిల్లింగ్ మిషను పట్టి పట్టి ఎప్పుడో చచ్చుపడాల్సిన వేలు, ఇప్పుడు పడింది. నువ్వు ఇంక దాని గురించి ఆలోచించకు.

కర్రని గుడ్డలో చుట్టి, రేకుల కింద దూలం మీద పెట్టాను. చేతులకి ఏదో ఒక పని కావాలనిపిస్తోంది. మొన్న చొక్కా బొత్తాం ఊడిందని జాయిస్ కుట్టుమిషను దగ్గర నల్లదారం తీసుకుంటే, ఇలా ఇవ్వండి మామయ్యా అని నా పుస్తకంలో రాసింది. ఎవరైనా నాతో మాట్లాడాలంటే రాసే చిన్న పుస్తకం నా జేబులో ఉంటుందిగా, అందులో. నేనే కుట్టుకుంటానని పంపించేశాను.

వినపడనివాడికి ఇంతకుముందు ఒక సుఖం ఉండేది, ఎవరేమన్నా పట్టేది కాదు. ఇప్పుడు టీకొట్టు దగ్గర ఇద్దరు పెదాలు కదిపితే నా గురించే అనిపిస్తోంది. నిన్న ఒకడు మాట్లాడుతూ తన తొడ మీద చెయ్యి వేసి చూపించాడు. గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను. తలుపు కొట్టినా నాకు వినపడదు కనక వీధి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. పోలీసు జీపు సందు చివర రెండుసార్లు ఆగింది. కిళ్ళీ కొట్టు కోసమేనట.

సొలొమోను

*

నందిగామ,
1 ఫిబ్రవరి 2025.

సొలొమోనూ,

కట్లు రెండూ ఉన్నాయని రాశావే, ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. చదివి, దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఒక మనిషి ఒంట్లో ఇనుము ఉండిపోయిందన్న ఉత్తరం పట్టుకుని నేను స్తోత్రం చెప్పుకున్నాను. ఆ తర్వాత సిగ్గేసింది.

ఎందుకో తర్వాత చెబుతాను. ఇప్పుడు చెప్పే ధైర్యం లేదు.

నా సలహా మాత్రం మారలేదు. నువ్వు ఎవరినీ ఏమీ అడగకు. అడిగినవాడినే అనుమానిస్తారు. ఎవరైనా సరే, ఈపాటికి ఆసుపత్రికి వెళ్ళే ఉంటారు, డాక్టర్లు గుడ్డివాళ్ళు కాదు, తీసేసి ఉంటారు. నువ్వెళ్ళి ఒప్పుకుంటే ఆమెకి కొత్తగా ఒరిగేదేమీ లేదు. బెన్ని ఉద్యోగం పోతుంది. అటవీశాఖ వాళ్ళు ఒక కేసు, పోలీసులు ఒక కేసు.

ఇదంతా రాస్తుంటే ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి నిజం చెప్పమని పాఠాలు చెప్పిన చెయ్యి ఇదేనా అనిపిస్తోంది. అయినా రాస్తున్నాను. కంటి మీద కునుకు లేదు. ఆదివారం సంఘంలో ప్రార్థన చెయ్యమంటే గొంతు బాగాలేదని కూర్చుండిపోయాను.

ఆ కర్రని కాల్చెయ్యి. దూలం మీద దాచడం ఏమిటి, ఇల్లు ఊడ్చే కోడలు ఉన్న ఇంట్లో.

అక్క

*

జగ్గయ్యపేట,
5 ఫిబ్రవరి 2025.

అక్కా,

నేను ఎవరినీ అడగలేదు. జాయిస్ తనే చెప్పింది. అన్నం పెడుతూ నా పుస్తకం తీసుకుని ఊరి కబురు రాసింది. ఆ కాగితం చించి నీకు పంపుదామనుకున్నాను, మళ్ళీ భయమేసి ఇక్కడే ఎక్కిస్తున్నాను.

'క్వారీ పక్క చేలో మిరపకాయలు కొయ్యడానికి కర్నూలు వైపు నుంచి కూలీలు వచ్చారు కదా మామయ్యా. అందులో ఒకావిడ తెల్లారుజామున బయటికెళ్ళి కట్టెపుల్ల మీద పడిందంట. తొడలో దిగిందంట. మేస్త్రీ ఆర్‌ఎంపీ దగ్గర కుట్లు వేయించాడు. ఇప్పుడు జ్వరం తగ్గడం లేదని నందిగామ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.'

కట్టెపుల్ల అని చెప్పమన్నది మేస్త్రీయే అయ్యుంటాడు. బాణమంటే పోలీసులు వస్తారు, చేను ఆగుతుంది, కోత కూలి పోతుంది. వాళ్ళ భయం వాళ్ళది. కానీ ఆ ఆర్‌ఎంపీ లోపల ఇనుముందని తెలియకుండానే పైన కుట్టేశాడు అక్కా. పెద్దాసుపత్రిలో కూడా కట్టెపుల్ల అనే చెప్పి ఉంటారు.

డాక్టర్లు గుడ్డివాళ్ళు కాదని రాశావు. చెప్పకపోతే వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఆ ఆసుపత్రి మీ ఇంటికి పది నిమిషాల నడక. మీ సంఘం ఆడవాళ్ళు ఆదివారాలు రోగులకి రొట్టె, అరటిపళ్ళు పంచుతారుగా. వాళ్ళతో వెళ్ళి ఒక్కసారి చూసి రా. నేనే వద్దును, కానీ డాక్టరు ఏమంటాడో నాకు వినపడదు. ఆవిడ బతుకుతుందో లేదో కూడా ఇంకొకళ్ళు కాగితం మీద రాస్తేనే నాకు తెలిసేది.

కర్ర కాల్చలేదు. కాల్చలేను.

సొలొమోను

*

నందిగామ,
11 ఫిబ్రవరి 2025.

సొలొమోనూ,

వెళ్ళాను. ఆమె పేరు బసవమ్మ. నలభై దాటి ఉండవు. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం. పసుపు మీద ఎర్రపూల చీర మడిచి తలకింద పెట్టుకుంది. ఒక పక్క అంచు చిరిగి ఉంది.

ఆదివారం రొట్టెల బుట్ట పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. సోమవారం ఒక్కదాన్నే వెళ్ళాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటే, నేను ప్రార్థన చేసే అమ్మననుకుని తనే నా చేతులు రెండూ పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. తొడ వాచి చర్మం నిగనిగలాడుతోంది. ఆ చేతులు పట్టుకుని నేను ప్రార్థన చేశాను సొలొమోనూ. స్వస్థపరచమని దేవుణ్ణి అడిగాను. దేవుడి దాకా ఎందుకు, అక్కడున్న నర్సుకి నేను ఒక్క మాట చెబితే సరిపోయేది.

నేను కళ్ళు తెరిచేసరికి ఆమె నా వేళ్ళు తీసుకుని ముద్దు పెట్టుకుంది. "యాడి తల్లివో, నా కోసరం వచ్చినావు," అంది. నేను లేచి వచ్చేశాను.

పుల్ల ముక్కేదో లోపల ఉందేమోనని డాక్టరు అనుమానిస్తున్నాడట. పుల్ల ముక్క కోసం వెంటనే కొయ్యకుండా, ముందు మందులతో చూద్దామంటున్నాడు. తగ్గకపోతే విజయవాడ పంపుతారు. కాలు తీసేయాల్సి వస్తుందేమోనని నర్సు ఆయాతో అంటుంటే విన్నాను.

తర్వాత చెబుతానన్నది ఇప్పుడు చెబుతాను. డిసెంబర్లో నువ్వు బాణాలు తెచ్చిన సాయంత్రం గుర్తుందా? అయిదు మొద్దు బాణాలూ అయ్యాక ఇనపవి మొదలుపెట్టాను. ఒకదానికి రెండు కట్లూ వేశాను. రెండోదానికి ఒక కట్టు వేసి, చేతిలో దారం ఉండగానే క్యారల్స్ పిల్లలు గుమ్మంలోకి వచ్చి పాట ఎత్తుకున్నారు. లేచి వెళ్ళాను. వాళ్ళకి కేకు పెట్టి వచ్చేసరికి నువ్వు బాణాలన్నీ సంచిలో సర్దేశావు. రెండో కట్టు వేశానా లేదా? నీ మొదటి ఉత్తరం అందిన రోజు నుంచి నన్ను పట్టుకున్న భయం ఇదే. వేయలేదేమో అనుకున్నాను. నువ్వు రెండూ ఉన్నాయని రాశావు. నా తప్పు కాదని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ధైర్యంతోనే నిన్ను నోరు మూసుకోమన్నాను, ఆ ధైర్యంతోనే నిన్న ఆ వార్డులోంచి లేచి వచ్చేశాను.

ఎల్లుండి వరకూ చూస్తాను. జ్వరం తగ్గకపోతే ఏదో ఒకటి చెయ్యాలి.

అక్క

*

నందిగామ, నీ గుమ్మంలో,
14 ఫిబ్రవరి, ఉదయం తొమ్మిది.

అక్కా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పొద్దున్నే మొదటి బస్సెక్కాను. మీ ఇంటికి తాళం ఉంది. ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను.

ఆసుపత్రికి వెళ్తున్నాను. కర్ర తెచ్చాను, రెండో ఇనప బాణం కూడా తెచ్చాను, లోపల ఉన్నది ఎంత పొడుగో, ముళ్ళు ఎటు తిరిగి ఉంటాయో డాక్టరుకి చూపించడానికి. చెప్పాల్సినదంతా పుస్తకంలో రాత్రే రాసి పెట్టుకున్నాను. బెన్నికి కూడా రాసి చూపించాను. వాడు చదివి పుస్తకం నా ఒళ్ళో పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

నువ్వు అక్కడికి రావద్దు. బాణాలు చేసింది ఎవరంటే నాన్న అని చెబుతాను, చనిపోయినవాణ్ణి ఎవరూ ఏమీ చెయ్యరు. మళ్ళీ చెబుతున్నాను, కట్లు రెండూ ఉన్నాయి. తప్పు నా వేలిది.

చాలా భయంగా ఉంది. నాన్న ఉంటే బాగుండును.

సొలొమోను

*

జగ్గయ్యపేట,
1 మార్చి 2025.

అక్కా,

నిన్న బెయిలు మీద ఇంటికొచ్చాను. జైల్లో పద్నాలుగు రోజులు. అక్కడ ఒక విధంగా నయమే. తలుపు ఎవరు కొడతారోనని గుమ్మం వైపు చూడనక్కర్లేదు.

బసవమ్మకి ఆ రోజే ఎక్స్‌రే తీసి, మర్నాడు విజయవాడలో ములికి తీశారని లాయరు రాసి చెప్పాడు. కాలు ఉంది. మోకాలు ఇదివరకటిలా వంగదట. ఇప్పుడు మళ్ళీ నందిగామకే పంపారట. ఆ కాలితో వంగి మిరపకాయలు ఎలా కోస్తుందో లాయరు రాయలేదు.

ఎస్సై నా పుస్తకంలోనే ప్రశ్నలు రాశాడు. విల్లు ఎక్కడిది? నాన్నది. బాణాలు ఎవరు చేశారు? నాన్న. ఇనప బాణం ఎందుకు వేశావు? ఆ ప్రశ్నకి అరపేజీ రాశాను, ఒక కట్టు, రెండు కట్లు, నా బొటనవేలు, అన్నీ. సంతకం పెట్టాను. విల్లు వాళ్ళే ఉంచుకున్నారు. అది తడ చెట్టు కర్ర, ఎండ తగిలితే పగులుతుందని చెబుదామనుకుని ఊరుకున్నాను.

బెన్నిని పనిలోకి రావద్దన్నారు. వాడు నాతో ఇంకా మాట్లాడడం లేదు. జాయిస్ మాత్రం అన్నం పెట్టేటప్పుడు పుస్తకం తీసుకుని, తినండి మామయ్యా అని రాస్తోంది.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో నిన్ను చూశాను. స్తంభం పక్కన నిలబడ్డావు. నీకు కష్టం కలిగి ఉంటే క్షమించు. ఇంతటితో అయిపోయింది. నువ్వు ఇందులోకి రాకు.

సొలొమోను

*

నందిగామ,
6 మార్చి 2025.

సొలొమోనూ,

అయిపోలేదు.

ఆ రోజు ఇంటికి తాళం ఎందుకు ఉందో నువ్వు అడగలేదు. జ్వరం తగ్గలేదని తెలిసి, చెప్పేద్దామని పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు గది బయట గంటన్నర కూర్చున్నాను. రెండుసార్లు నా వంతు వచ్చింది, రెండుసార్లు పక్కవాళ్ళని వెళ్ళమన్నాను. అంతలో నువ్వు వచ్చావు. చేతిలో గుడ్డ మూట, జేబులో పుస్తకం. తర్వాత కానిస్టేబుళ్ళు నిన్ను వరండాలోంచి తీసుకెళ్తుంటే నన్ను చూసి తల తిప్పుకున్నావు, నేనెవరో ఎరగనట్టు. నేనూ నిన్ను ఎరగనట్టే నిలబడ్డాను. నీకు కష్టం కలిగి ఉంటే అని రాశావు. నాకు కష్టం కలగలేదు, హమ్మయ్య అనిపించింది. నా తమ్ముణ్ణి తీసుకెళ్తుంటే నాకు కలిగింది అదీ. ఇది నీకు తెలియాలి.

ఇంటికొచ్చి తలుపు తీస్తే నీ కాగితం ఉంది. కట్లు రెండూ ఉన్నాయి అని మళ్ళీ రాశావు. అంత హడావిడిలో, అంత భయంలో, ఆ ముక్క ఎందుకు మళ్ళీ రాశాడు వీడు అనుకున్నాను. నీ ఉత్తరాలన్నీ తీశాను. కాల్చేశానన్నది అబద్ధం, ఒక్కటీ కాల్చలేదు. చొక్కా బొత్తాం, జాయిస్ మిషను దగ్గర నల్లదారం. నువ్వు బొత్తాం కుట్టుకోవడం నేను పుట్టి ఎరగను.

అయినా ఇరవై రోజులు పట్టింది నాకు. నిన్న మీ ఊరి స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై మర్యాదస్తుడే. ఆ కర్ర చూడాలన్నాను. కవరులోంచి తీసి బల్ల మీద పెట్టించాడు, ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకోనక్కర్లేదు. ఈకల కింద మొదటి కట్టు నాది. కొస లోపలికి లాగి కోసేస్తాను, ముడి ఎక్కడా కనపడదు, నాన్న అలా నేర్పాడు. దాని కింద రెండో కట్టు మిషను దారం. ముడి బయటికి కొమ్ములా పొడుచుకొచ్చి ఉంది. నలభై ఏళ్ళు నేను కట్టిన బాణాలు పట్టుకున్నావు, ముడి ఎలా దాస్తామో ఒక్కసారీ చూడలేదన్నమాట.

నీ బొటనవేలు పొరబడలేదు. ఒక్క కట్టే తగిలింది, ఉన్నది ఒక్కటే కనక.

ఎస్సైతో చెప్పాను. "టీచరుగారూ, ఆయన తప్పంతా తనదేనని రాసిచ్చాడండి. మీరెందుకండి ఇందులోకి?" అన్నాడు.

"వాడు రాసిచ్చింది అబద్ధమండి. ఆ రెండో ముడి నాది కాదు," అన్నాను.

బాణం మీద గుర్తు పెట్టేది నేనని, ఆ సాయంత్రం పెట్టకుండా లేచిపోయానని, ఆ తర్వాత తెలిసీ వారం పైన నోరు మెదపలేదని రాసిచ్చాను. ఉత్తరాలు కూడా ఇచ్చాను. చూడకుండా వదిలిన తప్పు నీదే, అది నేను తీసుకోలేను. నాది మాత్రం నువ్వు తీసుకోవద్దు. నాకోసమే చేశావని తెలుసు. కానీ ఆ రెండో కట్టు చూసుకునే నేను బసవమ్మ మంచం పక్కనుంచి లేచి వచ్చేశాను. నువ్వు ఒకటే ఉందని రాసి ఉంటే ఆమె ఇంకో వారం ముందు లేచి కూర్చునేదేమో. నేను అప్పుడైనా చెప్పేదాన్నో లేదో కూడా నాకు తెలియదు.

స్టేషన్ నుంచి ఆసుపత్రికి వెళ్ళాను. బసవమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వి, చెయ్యి చాపింది. పట్టుకున్నాను. "నాకు కాలు నిలిచిందంటే నీ ప్రార్థనే తల్లీ," అంది.

చెప్పాను. బాణం నా తమ్ముడిదని, దానికి ఈకలు కట్టింది ఈ చేతులేనని, మొదటిసారి వచ్చినప్పుడే లోపల ఇనుముందని నాకు తెలుసని. అరుస్తుందేమోనని భయపడ్డాను, అరిస్తే బాగుండునని కూడా అనిపించింది. నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది. కిటికీ వైపు తిరిగింది. నేను స్టూలు మీదనుంచి లేవలేదు. నర్సు వచ్చి టైమయిందని చెప్పేదాకా అక్కడే ఉన్నాను. రేపు కూడా వెళ్తాను. పొమ్మంటే గుమ్మం బయట కూర్చుంటాను.

సోమవారం పదింటికి మనిద్దర్నీ స్టేషన్‌కి రమ్మన్నారు, ఎదురెదురుగా అడుగుతారట. నీ పుస్తకం మర్చిపోకు. నువ్వు ముందు చేరితే బయట అరుగు మీద కూర్చో, నేను మొదటి బస్సుకి వస్తాను. నువ్వు ఈసారి నన్ను చూసి తల తిప్పుకోకు.

అక్క